బ్యాటరీలో సత్తా ఎంత? మీరే కొలిచి చూసుకోండి

మిర్చికి తామరపురుగు ఎక్కింది. మందు కలిపారు, బ్యాటరీ స్ప్రేయర్ వీపున తగిలించుకుని చేలోకి దిగారు. కొన్న కొత్తలో ఒక్క ఛార్జింగుకి పద్దెనిమిది ట్యాంకులు కొట్టిన పంపు ఇప్పుడు తొమ్మిదో ట్యాంకుకే మూలుగుతోంది. నాజిల్ నుంచి తుంపరగా రావలసిన మందు ధారగా కారుతోంది. సగం చేను మిగిలిపోయింది. కలిపిన మందు దాచుకునేది కాదు, పురుగు మర్నాటి దాకా ఆగేది కాదు.

పట్నం తీసుకెళితే షాపులో ఒకటే మాట: "బ్యాటరీ పోయింది, కొత్తది వేసుకోండి." వెయ్యి రూపాయలు అటూ ఇటుగా వదులుతుంది. అసలు పోయింది బ్యాటరీయేనా? ఛార్జర్ సరిగ్గా ఎక్కించడం లేదా? వైరు వదులైందా? ఫిల్టరులో నాచు పట్టి పంపు బరువెక్కిందా? షాపాయన కూడా చాలాసార్లు చూసి చెప్పడు, అలవాటుగా చెబుతాడు. బ్యాటరీ మార్చాక పది రోజులకి మళ్ళీ అదే తంతు అయితే, తప్పు ఛార్జరుదని అప్పుడు తెలుస్తుంది. ఈలోగా కొత్త బ్యాటరీ కూడా దెబ్బతింటుంది.

ధాన్యాన్ని కాటా వేయకుండా అమ్మరు కదా. బ్యాటరీకి కూడా కాటా ఉంది. అందుకు పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. ఒక గడియారం, ఒక బల్బు, రెండు మూడు వందలకి దొరికే మల్టీమీటరు, మీ ఇంటి కరెంటు మీటరు ఉంటే చాలు.

పైన రాసిన అంకె సంగతి

స్ప్రేయర్ బ్యాటరీ మీద సాధారణంగా 12 వోల్టులు, 8 ఏహెచ్ అని ఉంటుంది. ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్లు. గాబులో నీళ్ళు ఎన్ని బిందెలు పడతాయో చెప్పినట్టు, బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో ఈ అంకె చెబుతుంది. 8 ఏహెచ్ అంటే గంటకి 2 ఆంపియర్ల చొప్పున 4 గంటలు వస్తుందని అందరూ లెక్క వేస్తారు. అక్కడే పప్పులో కాలేస్తారు.

ఈ రకం చిన్న బ్యాటరీలకి ఆ అంకెను 20 గంటల లెక్కన వేస్తారు. అంటే 0.4 ఆంపియర్ల చొప్పున నిదానంగా తీస్తే 20 గంటలు వస్తుంది. గబగబా తోడితే అంత రాదు. ఊటబావిని మెల్లగా తోడితే రోజంతా నీళ్ళిస్తుంది, పెద్ద మోటారు పెడితే గంటలో అడుగంటుతుంది. సీసం బ్యాటరీ స్వభావం కూడా అదే. ఈ సంగతిని 1897లోనే పాయికర్ట్ అనే జర్మనీ శాస్త్రవేత్త లెక్కగట్టి చెప్పాడు. స్ప్రేయర్ పంపు రెండు రెండున్నర ఆంపియర్లు లాగుతుంటే, ఏ లోపం లేని 8 ఏహెచ్ బ్యాటరీ నుంచి కూడా ఆరు, ఆరున్నరకి మించి ఆశించకూడదు. కాబట్టి కొత్త బ్యాటరీ ఎనిమిది ఇవ్వలేదని షాపు మీదికి పోవద్దు. నాలుగే ఇస్తే మాత్రం తప్పక పోవాలి.

లెక్క ఇలా చూడండి. పంపు 2.5 ఆంపియర్లు తీసుకుంటుంది, 16 లీటర్ల ట్యాంకు 8 నిమిషాల్లో అయిపోతుంది అనుకుందాం. చేతికొచ్చేది 6.1 ఏహెచ్ అయితే దాదాపు 147 నిమిషాలు నడుస్తుంది. అంటే పద్దెనిమిది ట్యాంకులు. మీ నాజిల్ వేరేదైతే, ప్రెషర్ ఎక్కువ పెట్టుకుంటే ఈ లెక్క మారుతుంది. అందుకే పక్క రైతు పంపుతో పోల్చడం కన్నా, మీ పంపు నిన్న ఎంత కొట్టింది, ఇవాళ ఎంత కొట్టింది అన్నది చూసుకోవడమే మేలు.

పైసా ఖర్చు లేని పరీక్ష

స్ప్రేయర్ కొన్న వారంలోనే ఈ పని చేసి పెట్టుకోవాలి. రాత్రంతా ఛార్జింగు పెట్టండి. ఉదయం ట్యాంకులో మంచినీళ్ళు పోసి, మీరు రోజూ వాడే నాజిలే తగిలించి, గడియారం చూసుకుని వదలండి. పెరట్లో మొక్కలకి కొట్టుకున్నా సరే. తుంపర పలచబడి పంపు శబ్దం మారేదాకా ఎన్ని ట్యాంకులు, ఎన్ని నిమిషాలు అన్నది లెక్కపెట్టండి. శబ్దం మారగానే ఆపేయండి, పూర్తిగా పీల్చేసేదాకా నడపొద్దు. ఆ నిమిషాలను, తేదీని పెయింటుతో ట్యాంకు మీదే రాసేయండి. నోటుబుక్కులో రాస్తే పుస్తకం ఏ చూరులోనో పోతుంది.

మళ్ళీ ప్రతి సీజన్ మొదట్లో ఇదే పరీక్ష చేయండి. 147 నిమిషాలు నడిచింది 120కి దిగితే కంగారు పడక్కర్లేదు. 75కి దిగితే ఆ బ్యాటరీని నమ్ముకుని పదెకరాల కౌలు చేనుకి మందు కలపొద్దు.

పక్కింట్లో అదే రకం స్ప్రేయర్ ఉంటే ఇంకో ఉపాయం ఉంది. మీ బ్యాటరీని వాళ్ళ ఛార్జరుతో ఎక్కించి చూడండి. వాళ్ళ బ్యాటరీని మీ పంపుకి తగిలించి చూడండి. ఈ మార్పిడితో తప్పు బ్యాటరీదా, ఛార్జరుదా, పంపుదా అన్నది ఒక్క రోజులో తేలిపోతుంది.

వోల్టులు ఏం చెబుతాయి

మల్టీమీటరు ముల్లుని డీసీ 20 వోల్టుల గీత మీద పెట్టండి. ఎర్ర వైరు వోల్టుల రంధ్రంలోనే ఉండాలి. 10 ఆంపియర్లు అని రాసి ఉన్న రంధ్రంలో పెట్టి బ్యాటరీకి ఆనిస్తే షార్టు అవుతుంది, నిప్పురవ్వలు వస్తాయి. ఇది గట్టిగా గుర్తుంచుకోండి.

ఛార్జింగు తీసిన వెంటనే కొలిస్తే లేని బలం చూపిస్తుంది. రాత్రి తీసి ఉదయం కొలవాలి. 12.7 గానీ ఆ పైన గానీ ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2, 12.3 ఉంటే సగం. 11.8 ఉంటే ఖాళీ. రాత్రంతా ఛార్జింగు పెట్టినా ఉదయానికి పదిన్నర దగ్గరే నిలిచిందా? 12 వోల్టుల సీసం బ్యాటరీలో ఆరు గదులుంటాయి, ఒక్కో గది రెండు వోల్టుల పైచిలుకు ఇస్తుంది. ఒక గది చచ్చిపోతే మిగిలిన అయిదింటి లెక్క పదిన్నర. ఆ బ్యాటరీ మీద ఇక ఆశ పెట్టుకోనక్కర్లేదు.

అయితే వోల్టులు ఒక్కటే చూసి మోసపోకండి. గాబు లోపల సగం మట్టి పేరుకున్నా పైనుంచి చూస్తే నీళ్ళు అంచుదాకా కనిపిస్తాయి. పాత బ్యాటరీ కూడా 12.7 చూపించి, పంపు ఆన్ చేయగానే కూలబడుతుంది. అందుకని బరువు పెట్టి చూడాలి.

బల్బు పరీక్ష

ట్రాక్టరు, కారు ఇండికేటర్లకి వేసే 12 వోల్టుల 21 వాట్ల గాజు బల్బు ఒకటి, హోల్డరు, రెండు వైర్లు తెచ్చుకోండి. ఎల్ఈడీ బల్బు పనికిరాదు. లారీ బల్బు 24 వోల్టులది, అదీ పనికిరాదు. ఈ బల్బు సుమారు 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. బాగా కాలుతుంది కనుక ఇటుక మీద పెట్టండి, గడ్డి, సంచులు, పిల్లలు దగ్గర లేకుండా చూసుకోండి.

నిండుగా ఛార్జి అయిన బ్యాటరీకి బల్బు వెలిగించి టైము రాసుకోండి. ఒక నిమిషం తర్వాత వోల్టులు చూడండి. బాగున్న బ్యాటరీ అయితే 12 పైనే నిలబడుతుంది. నిమిషంలోనే 11 కిందికి జారిందంటే పరీక్ష అక్కడితో అయిపోయినట్టే. నిలబడితే పావుగంటకోసారి కొలుస్తూ ఉండండి. 10.5కి రాగానే బల్బు తీసేయాలి. అంతకన్నా దించితే పరీక్షే బ్యాటరీని చంపుతుంది. చివర్లో వోల్టులు గబుక్కున పడతాయి, ఆ అరగంట పక్కనే ఉండండి.

గంటలని 1.75తో గుణిస్తే మీ బ్యాటరీ అసలు ఏహెచ్ వస్తుంది. 3 గంటల 40 నిమిషాలు వెలిగితే 6.4 ఏహెచ్. కొత్త 8 ఏహెచ్ బ్యాటరీకి ఇది మంచి మార్కు. గంటా యాభై నిమిషాలకే ఆగితే 3.2. బ్యాటరీ సగం చచ్చిందని అర్థం. పరీక్ష అయిన వెంటనే, ఆ పూటే ఛార్జింగు పెట్టేయాలి. ఖాళీ బ్యాటరీని పక్కన పడేయడం కన్నా పెద్ద పాపం లేదు, ఎందుకో ముందు చెబుతాను.

పచ్చలైటుని నమ్మొచ్చా

చాలామంది ఛార్జరు మీద ఎర్రలైటు పోయి పచ్చలైటు వస్తే చాలు, ఎక్కిందనుకుంటారు. ఆ లైటుకి తెలిసింది వోల్టులూ, కరెంటూ మాత్రమే. లోపల ఎంత పట్టిందో దానికి తెలియదు.

మందు కొట్టి ఖాళీ చేసిన బ్యాటరీకి పావుగంటలోనే పచ్చలైటు వస్తే సంతోషించకండి. లోపలి పలకలు గట్టిపడి కరెంటు తీసుకోవడం లేదన్న మాట. వోల్టులు వెంటనే పైకెక్కేసరికి ఛార్జరు నిండిందని భ్రమపడుతుంది. 8 ఏహెచ్ బ్యాటరీకి ఒకటిన్నర ఆంపియర్ల ఛార్జరు అయితే ఆరేడు గంటలు పట్టడం మామూలు. పది పన్నెండు గంటలైనా ఎర్రలైటు పోకుండా, బ్యాటరీ వేడెక్కుతుంటే అదీ రోగమే.

ఛార్జింగు జరుగుతుండగా బ్యాటరీ కొసల మీద మల్టీమీటరు ఆనించి చూడండి. మొదట 13 దగ్గర మొదలై నెమ్మదిగా 14.4 లేదా 14.7 దాకా ఎక్కాలి. పచ్చలైటు వచ్చాక 13.5, 13.8 మధ్య నిలబడాలి. 15 దాటిపోతోందంటే ఆ ఛార్జరు బ్యాటరీని ఉడకబెడుతోంది. సీలు వేసిన బ్యాటరీలో నీళ్ళు పోయడానికి దారి లేదు, ఆవిరైన నీరు మళ్ళీ రాదు. పొట్ట ఉబ్బుతుంది. ఇక, బ్యాటరీ బాగున్నా గంటల తరబడి 13 దాటకపోతే ఛార్జరుకి శక్తి లేదు. లో వోల్టేజి ఉన్న ఊళ్ళలో పాతకాలం ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జర్లతో ఈ బాధ ఎక్కువ. తేలికపాటి కొత్త రకం ఛార్జర్ల మీద 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తుందని రాసి ఉంటుంది, కొనేటప్పుడు ఆ అంకె చూసి తీసుకోండి. ట్రాక్టరు బ్యాటరీ ఎక్కించే పెద్ద ఛార్జరుకి ఈ చిన్న బ్యాటరీని ఎప్పుడూ తగిలించొద్దు.

పెట్టింది ఎంత, వచ్చింది ఎంత

ఇప్పుడు అసలు కాటా. గోడ నుంచి ఎంత కరెంటు పోశాం, పంపుకి ఎంత దక్కింది? దీన్నే బ్యాటరీ, ఛార్జర్ల సామర్థ్యం అంటారు.

మీ ఇంటి ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్రలైటు మిణుకుమంటుంది. దాని పక్కన 3200 అనో, 1600 అనో ఒక అంకె అచ్చు వేసి ఉంటుంది. అన్నిసార్లు మిణుకుమంటే ఒక యూనిట్ ఖర్చయినట్టు. మీటరుని ముట్టుకోనక్కర్లేదు, సీలు జోలికి పోనేకూడదు. దూరం నుంచి చూస్తే చాలు. ఇంట్లో ఫ్యాను, టీవీ, ఫ్రిజ్, సెల్ ఛార్జర్లు అన్నీ తీసేసి ఒక్క స్ప్రేయర్ ఛార్జరునే ఉంచండి. అరగంటకోసారి పది నిమిషాల పాటు మిణుకులు లెక్కపెట్టి మూడుతో గుణించండి. అన్నీ కూడితే మొత్తం వస్తుంది. మొదట్లో ముప్పావు నిమిషానికో మిణుకు వస్తుంది, బ్యాటరీ నిండేకొద్దీ ఆలస్యమవుతుంది. ఇంట్లో హైస్కూలు చదివే పిల్లలుంటే ఈ లెక్క వాళ్ళకి అప్పగించండి, పుస్తకంలో చదివిన పాఠం కళ్ళముందు కనిపిస్తుంది.

ఉదాహరణకి 3200 మీటరు మీద 400 మిణుకులు వచ్చాయనుకోండి. యూనిట్‌లో ఎనిమిదో వంతు, అంటే 125 వాట్ అవర్లు. అదే బ్యాటరీ బల్బు పరీక్షలో 21 వాట్లు 3 గంటల 40 నిమిషాలు ఇచ్చింది, అది 77 వాట్ అవర్లు. నూరు పోస్తే అరవై రెండు దక్కింది. మిగిలిన ముప్పై ఎనిమిదిలో పెద్ద వాటా ఛార్జరు వేడిగా పోయింది, మిగతాది బ్యాటరీ లోపల వేడిగా పోయింది. చెయ్యి పెట్టి చూస్తే ఆ నష్టం చేతికే తగులుతుంది.

సీసం బ్యాటరీ, మామూలు ఛార్జరు కలిసి 55 నుంచి 65 దాకా ఇస్తే సంసారపక్షంగా ఉన్నట్టే. ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జరుతో 50కి కాస్త అటూ ఇటూ రావచ్చు. ఉన్నమాట చెప్పాలంటే ఇందులో పోయే కరెంటు ఖరీదు తక్కువే. ఒక ఛార్జింగు మొత్తం రూపాయి కూడా కాదు. బిల్లు తగ్గించుకోవడానికైతే ఈ మిణుకులు లెక్కపెట్టే శ్రమ దండగ. మరి ఎందుకు కొలవాలి? జబ్బు ముదరకముందే నాడి మారినట్టు, బ్యాటరీ ఆగిపోకముందే ఈ అంకె మారుతుంది. పోయిన ఏడు 62 ఉన్నది ఈ ఏడు 40కి పడిందంటే, పెట్టిన కరెంటు నీటిని ఆవిరి చేయడానికి, పలకలని కాల్చడానికి పోతోందని అర్థం. తామరపురుగు రాకముందే కొత్త బ్యాటరీ చూసుకోవచ్చు.

పని లేని నెలల్లోనే చస్తుంది

చేలో ఎంత వాడినా అరగని బ్యాటరీ, కొట్టంలో ఊరికే పడి ఉండి చస్తుంది. ఆఖరి మందు కొట్టాక స్ప్రేయర్ని మూలన పెడతాం. బ్యాటరీలో ఉన్న కాస్తా తనంతట తానే దిగిపోతుంది. పాతిక డిగ్రీల చల్లదనంలో నెలకి నూటికి మూడు వంతులు పోతే, ప్రతి పది డిగ్రీల వేడికీ అది దాదాపు రెట్టింపవుతుంది. రేకుల కొట్టంలో ఏప్రిల్, మే నెలల ఎండ సంగతి మీకు చెప్పేదేముంది? ఖాళీగా ఉన్న బ్యాటరీ పలకల మీద తెల్లటి సీసపు సల్ఫేటు పేరుకుని గట్టిపడుతుంది. కొత్తగా పేరుకున్నది ఛార్జింగుకి కరుగుతుంది, నెలల తరబడి గట్టిపడినది కరగదు.

కాబట్టి సీజను అయ్యాక నిండుగా ఛార్జి చేసి, పంపు స్విచ్ ఆపి, వీలైతే వైరు కొస ఊడదీసి, ఇంట్లో నీడపట్టున పెట్టండి. నెలకోసారి, అమావాస్యకో పున్నానికో గుర్తు పెట్టుకుని, ఒక పూట ఛార్జింగు పెట్టండి. బ్యాటరీ ఎప్పుడూ పది డిగ్రీలు ఎక్కువ వేడిలో ఉంటే దాని ఆయుష్షు సగమవుతుందని ఒక మోటు లెక్క. ఎండలో కాలిన స్ప్రేయర్ని తెచ్చి వెంటనే ఛార్జింగు పెట్టకుండా గంటసేపు చల్లారనివ్వండి. మందు అంటిన ట్యాంకు, చేతులు కడిగాకే ప్లగ్గు ముట్టుకోండి.

లిథియం సంగతి

ఇప్పుడు లిథియం బ్యాటరీల స్ప్రేయర్లు కూడా వస్తున్నాయి. బరువు తక్కువ, నూరు ఎక్కిస్తే తొంభై అయిదు దాకా తిరిగి ఇస్తాయి. గబగబా తోడినా సీసం బ్యాటరీలాగా తగ్గిపోవు. అందువల్ల 8 ఏహెచ్ లిథియం నిజంగా ఎనిమిది దగ్గరగా ఇవ్వాలి. అయితే పాత ల్యాప్‌టాప్ సెల్లులు ఏరి కట్టి కొత్త కాగితం అంటించిన ప్యాకులు కూడా ఉంటాయి, బల్బు పరీక్షలో అవి దొరికిపోతాయి. దీని వోల్టుల లెక్క వేరు, పైన చెప్పిన అంకెలు దీనికి వర్తించవు. వెలుగు ఒక్కసారిగా ఆరిపోతే లోపలి రక్షణ స్విచ్ ఆపేసిందని అర్థం, పరీక్ష అయిపోయినట్టే. సీసం బ్యాటరీ ఛార్జరుని దీనికి పెట్టొద్దు. ఉబ్బిన లిథియం బ్యాటరీని ఇంట్లో ఉంచొద్దు, అంటుకుంటుంది.

నీళ్ళు పోసే ట్రాక్టరు బ్యాటరీ ఉన్నవారికి ఇంకా సులువు. మెకానిక్ దగ్గరుండే హైడ్రోమీటరుతో ఆరు గదులూ కొలిపించండి. నిండిన బ్యాటరీలో 1.240 నుంచి 1.280 మధ్య ఉంటుంది. ఒక గది మాత్రం మిగతా వాటికన్నా 0.050 తక్కువ చూపిస్తే ఆ గది పాడైంది.

కొనేటప్పుడు

షాపులో మల్టీమీటరు ఆనించి 12.5కి తక్కువ ఉంటే ఆ బ్యాటరీ వద్దనండి, చాలాకాలం అటక మీద పడి ఉన్నదన్న మాట. తయారైన నెల అడిగి చూడండి. తర్వాత అక్కడే ఉన్న త్రాసు మీద పెట్టించండి. సీసం బ్యాటరీలో సత్తా అంతా సీసంలోనే ఉంది. 8 ఏహెచ్ బ్యాటరీ రెండు కిలోల పైన, దాదాపు రెండున్నర కిలోల దాకా తూగాలి. కిలోన్నరే తూగితే పైన ఏ అంకె రాసి ఉన్నా లోపల అంత సరుకు లేదు. బిల్లు మీద తేదీ, గ్యారంటీ నెలలు రాయించుకుని, మొదటి వారంలోనే బల్బు పరీక్ష చేయండి. తక్కువ వస్తే గ్యారంటీలోనే అడగడానికి మీ చేతిలో అంకె ఉంటుంది.

పాతదాన్ని చెత్తకుప్పలో పారేయొద్దు, సీసం నేలలోకీ నీళ్ళలోకీ దిగుతుంది. పగలగొట్టి సీసం తీసే పనికి పిల్లల్ని అసలు పంపొద్దు. 2022 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలని వెనక్కి సేకరించే బాధ్యత తయారుదారులది. సీసానికి ధర ఉంది కనుక కొత్తది కొనేచోటే పాతది ఇచ్చి, దాని ఖరీదు బిల్లులో తగ్గించమని అడగండి.